మొహం చూసి లడ్డు

పండుగ పది రోజులుందనగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోని కొన్ని ఇండ్లకు హఠాత్తుగా ఒక కళ అబ్బుతుంది. స్వీట్ షాపులో అరకిలో డబ్బా కట్టించుకుని చుట్టాల చేతిలో పెట్టడం మోటుతనమట. సరుకు ఇంట్లోనే చేయాలట. చేసినదాన్ని గాజు సీసాలో నింపాలి, సీసా మెడకు జనపనార తాడు చుట్టాలి, తాడుకు అట్టముక్క వేలాడదీసి దాని మీద తీసుకునేవారి పేరు రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, లోపల ఉన్నది ఆ మనిషికి తగ్గట్టు ఉండాలి. షుగరున్న పెదబావగారికి బెల్లం వేసిన కొర్రల లడ్డు, జిమ్ముకు పోయే మేనల్లుడికి అవిసెగింజల కారప్పొడి, అమెరికా నుంచి దిగిన కోడలికి నూనె తక్కువ మురుకులు, కొత్త వియ్యపురాలికి నెయ్యి ఓడే సున్నుండలు. దీనికి పెట్టిన పేరు ప్రేమ. ఉత్త ప్రేమే అయితే పేచీ లేదు, తిని నోరు తుడుచుకోవచ్చు. కానీ ఈ సీసాలన్నిటినీ ఒక బల్ల మీద వరసగా పెట్టి, ఏది ఎవరింటికి పోతుందో చూస్తే ప్రేమ సంగతి పక్కకుపోయి ఇంకో లెక్క కనబడుతుంది. ఆర్‌డీవో ఆఫీసులో పనిచేసే దూరపు చుట్టానికి బాదం, పిస్తా. సొంత పిన్ని కొడుకు కిరాణా కొట్టులో గుమాస్తా, అతనికి బూందీ. పిస్తా ఆ చుట్టానికి పడుతుందనీ, పిన్ని కొడుక్కు పడదనీ ఏ వైద్యుడూ చెప్పలేదు. మొహం చూసి బొట్టు పెట్టడం అని మన పెద్దలు దేనిని అన్నారో అదే ఇది, కాకపోతే బొట్టు స్థానంలో లడ్డు వచ్చింది.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. గాజు సీసా కొత్తదే గాని కొలత పాతది, సారె రోజులనాటిది. మన వైపు పెండ్లయిన పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సకినాలు, గారెలు, అరిసెలు, లడ్డూలు గంపలకెత్తి పంపుతారు. ఆ సకినాల లెక్క ఎట్లా తేలుతుందో గమనించినవారికి నా వాదనలో సగం ముందే ఒప్పుదల అవుతుంది. పిల్ల ఎన్ని తింటుందని ఎవరూ అడగరు. అల్లుడికి సకినాలంటే ఇష్టమా అనీ అడగరు. అడిగేది ఒక్కటే: అక్కడ ఎన్ని గడపలు? ఎందుకంటే సారె ఇంట్లో దాచుకుని తినేది కాదు, వాడకట్టంతా పంచేది. ఇంటికి ఇన్ని సకినాలు, ఒక లడ్డు, ఒక అరిసె చొప్పున పోవాలి. గడపకు అయిదు పంచితే ఒక మాట, రెండు పంచితే ఇంకో మాట, అసలు ఒక ఇంటికి అందకపోతే ఆ మాట పిల్ల చెవిన ఏండ్ల తరబడి పడుతూనే ఉంటుంది. అంటే ఈ తిండి తగినట్టు కుదరాల్సింది తినే నాలుకకు కాదు, వియ్యంకుల వీధి పొడవుకు. వీధి నోరు మూయించడానికి తూకం వేసిన తిండి అది. దీని ముందు ఇప్పటి అట్టముక్క మీద పేరు రాసే నాజూకు ఏపాటిది?

ఈ లెక్కకు ఎల్లలు లేకపోతే ఎట్లా ఉంటుందో గోదావరి తీరం వాళ్ళు 2021లో లోకానికి చూపించారు. ఆ ఏడు ఆషాఢం సారె కింద రాజమండ్రి నుంచి యానాంలోని కూతురింటికి వెయ్యి కిలోల చేపలు, వెయ్యి కిలోల కూరగాయలు, 250 కిలోల రొయ్యలు, 250 సీసాల పచ్చళ్ళు, 50 కోళ్ళు, 10 మేకలు వెళ్ళినట్టు దేశమంతా వార్తలు వచ్చాయి. కొత్తగా పెండ్లయిన ఇద్దరికి తగ్గట్టు, వెయ్యి కిలోల చేపలు! అందరూ నవ్వారు. మనమూ నవ్వాం. కానీ కోదాడలో సకినాల గంపలను ట్రాలీ ఆటోలో వేసి, పైన బట్ట కప్పకుండా అందరికీ కనబడేలా బజారు మీదుగా తీసుకుపోవడానికీ ఆ చేపల ఊరేగింపుకూ తేడా కిలోల్లోనే ఉంది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతి తేల్చేశాడు. ఇవ్వక తప్పదు, తీసుకోక తప్పదు, తిరిగి ఇవ్వక తప్పదు, ఈ మూడు బాధ్యతలు లేని కానుక లేదన్నాడు. కెనడా పడమటి తీరపు ఆదివాసులు పంచిపెట్టడంలో పోటీపడే పాట్లాచ్ అనే వేడుకను అక్కడి ప్రభుత్వం 1885లో నిషేధించి 1951 దాకా ఆ నిషేధాన్ని ఎత్తలేదు. ఆ నిషేధం అన్యాయమైనదే, నేను మన సారెకు దాన్ని కోరడం లేదు. అక్కడి పెద్దలు మాత్రం తాము హోదా కోసం పంచుతున్నామని దాచుకోలేదు. మనం తాడు కట్టి, అట్ట రాసి, దానికి మమకారం అని పేరు పెట్టుకుంటున్నాం.

చట్టానికి కూడా ఈ గంపల సంగతి తెలుసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అడగకుండా ఇచ్చే కానుకలకు మినహాయింపు ఇస్తూ ఒక షరతు పెట్టింది. అమ్మాయి తరపు వారు ఇచ్చేవి ఆచారంగా వస్తున్నవై ఉండాలి, ఇచ్చేవారి ఆర్థిక స్థితిని చూస్తే విలువ మితిమీరి ఉండకూడదు. 1985లో వచ్చిన నిబంధనలు ఇంకో అడుగు ముందుకు వేసి, పెండ్లిలో ఇచ్చిన కానుకలకు జాబితా రాయమన్నాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి వధూవరులు సంతకం పెట్టాలి. ఈ ఊళ్ళలో ఎన్ని పెండ్లిండ్లలో ఆ జాబితా రాశారని అడిగితే కల్యాణ మండపాల వాళ్ళు కూడా నవ్వుతారు. రాసినా సకినాలను ఏ పద్దులో వేస్తారు? తిండిలో ఉన్న సౌకర్యమే అది. బంగారం మిగిలి సాక్ష్యం చెబుతుంది, తిండి అరిగిపోతుంది. అప్పు చేసి గంపలు నింపిన తండ్రి దగ్గర మాత్రం అప్పు పత్రం మిగులుతుంది. అడగకుండా ఇచ్చిందే కదా అంటారు. గడపల లెక్క చెప్పి పంపడం అడగడం కాదా?

ఇక కొత్త తరహా వాళ్ళ దగ్గరకు వస్తే, వాళ్ళ గట్టి వాదన ఆరోగ్యం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి మన లడ్డూలకు వైద్యశాస్త్రం పట్టుకుంది. చక్కెర వేయలేదు, బెల్లమే వేశాం, షుగరున్నవాళ్ళు కూడా నిక్షేపంగా తినొచ్చు అని అట్టముక్క మీదే రాసేస్తున్నారు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఇనుము, పొటాషియం లాంటివి కొంచెం ఉంటాయి, రంగు గోధుమగా ఉంటుంది, అంతే. ఎండు ఖర్జూరంలోనూ మూడింట రెండు వంతుల దాకా చక్కెరే. కొర్రల్లో పీచు ఉన్న మాట నిజమే, కానీ కొర్రపిండిని బెల్లం పాకంలో ముంచి, నెయ్యితో ఉండ కట్టి, ఇందులో కొర్రలున్నాయి కదా అంటే బావగారి క్లోమగ్రంథికి ఆ వాదన వినబడదు. పైగా ఆ బావగారు మామూలు లడ్డు అయితే ఒకటితో ఆపేవాడు. మీరు ప్రత్యేకించి ఆయన కోసం చేశామన్నారు గనుక మర్యాదకు మూడు తింటాడు.

నిజంగా షుగరు మనిషికి తగ్గది ఇవ్వాలనుంటే మిర్యాలగూడ వాళ్ళు దూరం పోనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన సన్నధాన్యం ట్రాక్టర్లు సీజన్లో వాళ్ళ ఊరి మిల్లుల ముందే బారులు తీరుతాయి. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు రూపొందించి 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందని పరీక్షల్లో తేలిన రకం. మామూలు సన్నబియ్యం కంటే అది తక్కువ. దానికీ బజార్లో షుగరు బియ్యం అని పేరు పెట్టి, ఇక కంచం నిండా కొండలా పెట్టుకోవచ్చని చెప్పేవాళ్ళు ఉన్నారు, అది వేరే గోల. అయినా లడ్డు కంటే ఆ బియ్యపు బస్తా ఆ ఇంటికి ఎంతో మేలు. కానీ ఎవరూ ఇవ్వరు. బస్తా గాజు సీసాలో పట్టదు, ఫొటోలో బాగుండదు, పైగా పాతిక కిలోలు మోయాలి. తగ్గట్టు అనే మాట ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ తెలుస్తుంది. తీసుకునేవాడి అవసరం ఇచ్చేవాడి అలంకారానికి అడ్డం వచ్చేదాకానే ఆ మాటకు బలం.

అధికారుల సంగతి ఇంకా ముచ్చటైనది. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 13వ నియమం కానుకల గురించి చెబుతూ, అనుకోకుండా పెట్టిన భోజనం, బండి మీద దింపడం, సాధారణ ఆతిథ్యం కానుక కిందికి రావంటుంది. ఆ వెంటనే, తనతో ఆఫీసు పనిబడ్డవాళ్ళ నుంచి తరచుగా, భారీగా ఆతిథ్యం పుచ్చుకోవద్దనీ హెచ్చరిస్తుంది. మనవాళ్ళకు మొదటి ముక్కే వినబడింది. కవరులో పెట్టి ఇస్తే లంచం, సీసాలో పెట్టి ఇస్తే మా ఇంట్లో చేసిందండీ. ఇంట్లో చేసిందనే మాటకు ఉన్న శక్తి అది. దానికి బిల్లు ఉండదు, ధర ఉండదు, వద్దంటే ఇచ్చినవారి ఇల్లాలిని అవమానించినట్టు అవుతుంది. ఫలానా సారుకు పుల్లారెడ్డి స్వీట్లు ఇష్టమని తెలిసినా కొనరు. కొంటే ధర తెలిసిపోతుంది, ఇంట్లో చేస్తే రుణం ఎంతో తేలకుండా ఉంటుంది. బదిలీ అయిన సారుకు మరుసటి దీపావళికి సీసా పోయిందా లేదా కనుక్కోండి. నాలుక ఆయనదే, ఊరు మారింది, సీటు మారింది. కొత్త సారుకు అదే లడ్డు తగినట్టు ఎట్లా కుదిరిందో ఆ బాదంపప్పుకే తెలియాలి.

అమెరికా పార్సిళ్ళ మీద ఒక మాట అనకపోతే ఈ ప్రాంతానికి అన్యాయం చేసినట్టే. పచ్చళ్ళు, పొడులు విదేశాలకు పంపుతామనే కొరియర్ బోర్డులు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనే కాదు, చిన్న పట్నాల్లోనూ ఉన్నాయి. అక్కడి పిల్లలకు అమ్మ చేతి తొక్కు పంపాలి, తప్పు లేదు. కానీ మోకాళ్ళ నొప్పులతో అమ్మ తొక్కు పెట్టడం మానేసి చాలాకాలమైంది. పచ్చళ్ళ సెంటర్లో కొని, ఇంటి డబ్బాలోకి మార్చి, దాన్ని కొరియర్ వాళ్ళు గాలి తీసి ప్యాక్ చేస్తే డాలస్‌లో అది అమ్మ చేతి తొక్కు అవుతుంది. అట్లాంటి పచ్చళ్ళ సీసాలు అక్కడి ఇండియన్ స్టోరులో కూడా దొరుకుతున్నాయని తల్లికి తెలుసు, కొడుక్కూ తెలుసు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోరు. ఈ అబద్ధం మీద నాకు కోపం లేదు, ఈ వ్యాసంలో నేను మన్నించే ఒకే ఒక్క అబద్ధం ఇది. నాటుకోడి పచ్చడిని మాత్రం వంకాయ పచ్చడి అని రాసి పెట్టెలో దాచకండి. మాంసంతో చేసిన పచ్చళ్ళను అమెరికా కస్టమ్స్ వాళ్ళు సాధారణంగా రానివ్వరు. తిండి పదార్థాలు ఉన్నాయని చెప్పకుండా దాటబోతే జరిమానా పడేది అక్కడ దిగిన పిల్లవాడికి.

ఇంత వెటకారం దేనికి, మనిషిని గుర్తుపెట్టుకుని ఆ మనిషికి నప్పే తిండి చేసి ఇవ్వడం మన సంస్కృతిలో లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది, బాగా ఉంది. సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేండ్లకోసారి జరిగే జాతరలో లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం, చౌడమ్మ తల్లికి యాటపోతు. ఎవరికి తగ్గది వాళ్ళకు అనే మాటకు అంతకంటే నిక్కమైన ఉదాహరణ లేదు. ఆ నైవేద్యం మీద ఇచ్చినవాడి పేరుతో అట్టముక్క వేలాడదు, చివరికి దాన్ని గుట్ట కింద అందరూ కలిసి తింటారు. బాలింతకు వెల్లుల్లి కారం, సొంఠిపొడి కలిపి పంపుతారు. అదీ ఆ మనిషి ఒంటికి తగ్గదే. జ్వరం తగ్గిన పక్కింటి ముసలాయనకు పలచటి చారు ఒక గిన్నెలో పోతుంది. స్టీలు గిన్నె మీద ఇంటిపేరు చెక్కించి ఉంటుంది గాని అది గొప్పకు కాదు, గిన్నె తిరిగి రావడానికి. వచ్చేటప్పుడు ఖాళీగా రాకూడదని అందులో గుప్పెడు పల్లీలో, నాలుగు నిమ్మకాయలో వేసి పంపుతారు. ఇక్కడా మోస్ చెప్పిన రుణం ఉంది. అయితే అది నాలుగు నిమ్మకాయలతో తీరే రుణం. నేను వెటకారం చేస్తున్నది ఈ గిన్నెను కాదు. ఆ గిన్నె మర్యాదను అరువు తెచ్చుకుని గంప చేస్తున్న పనిని. బాలింత కారాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నవాళ్ళు కనబడరు, ఎందుకంటే అది చూడ్డానికి బాగుండదు.

మిగిలిన అభ్యంతరం ఒకటుంది, అన్నిటిలోకి గౌరవించాల్సింది అదే. షాపు తిండిలో ఏం కలుపుతారో తెలియదు, ఇంట్లో చేసింది శుభ్రం, పైగా దానివల్ల నలుగురు ఆడవాళ్ళకు పని దొరుకుతుంది అంటారు. ఈ మాటతో మనం అసలు చోటికి వచ్చాం, ఇంట్లో చేసింది అంటే ఎవరు చేసింది? అరవై ఇండ్లకు సరిపడా సకినాలు ఇంటి ఇల్లాలు ఒక్కతే చుట్టదు. సకినం చుట్టడం మాటలు కాదు. బియ్యం నానబెట్టి, నీళ్ళు వార్చి, తడిపిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేల మీద నూలుబట్ట పరిచి కూర్చోవాలి. పిడికిట్లో పిండి పట్టుకుని వేళ్ళ సందు నుంచి మెలితిప్పుతూ, నడుం వంచి, చుట్టు మీద చుట్టు మూడు చుట్లో నాలుగు చుట్లో తిప్పాలి. పిండి పలచనైతే చుట్లు కలిసిపోతాయి, గట్టిపడితే తీగ తెగుతుంది. బట్ట తడి పీల్చుకున్నాక సరిగ్గా అదను చూసి తీసి నూనెలో వేయాలి, ఆలస్యమైతే విరుగుతుంది. ఇది చేతనైనవాళ్ళు వాడకట్టుకు ఒకరిద్దరు ఉంటారు. పండుగ సీజన్లో, పెండ్లిండ్ల సీజన్లో వాళ్ళను పిలిపించి కిలో లెక్కన కూలి ఇస్తారు. రోజంతా నేల మీద కూర్చుని, పొయ్యి ముందు మాడి, సాయంత్రానికి వేళ్ళు కొంకర్లుపోయి ఆమె ఇంటికి పోతుంది. విరిగిన సకినాలు ఒక కవర్లో వేసి ఆమె చేతిలో పెడతారు. మర్నాడు గంపలు పోయి వియ్యపురాలు మెచ్చుకుంటే, మా కోడలి పుట్టింటివాళ్ళ చేయి మంచిదమ్మా అంటుంది. ఆ చేయి ఎవరిదో గంప పంపినవాళ్ళకు తెలుసు, చెప్పరు.

పని దొరకడం మంచిదే, కాదనను. స్వీట్ షాపులో కొన్నా ఎవరో ఒకరికి పని దొరుకుతుంది, కాకపోతే అక్కడ చేసినవాళ్ళు ఉన్నారని ఒప్పుకుంటారు. 2006 ఆహార భద్రతా చట్టం కింద ఇంట్లో వండి అమ్మేవాళ్ళు కూడా నమోదు చేసుకోవాలి. ప్యాకెట్ మీద పదార్థాలు, తేదీ, తయారీదారు వివరం వేయాలి. కానుకకు ఇవేవీ వర్తించవు. కాబట్టి శుభ్రం అనే హామీకి మన మొహమాటం తప్ప పూచీ లేదు. ఏ నూనె ఎన్నిసార్లు కాగిందో అడిగే హక్కు షాపు ముందు నిలబడ్డవాడికి ఉంది, వియ్యంకుల గంప ముందు లేదు. ఆడవాళ్ళకు ఉపాధి కోసమే ఇదంతా అయితే దారి చాలా సులువు. ఆ జనపనార తాడుకు వేలాడే అట్టముక్క మీద తీసుకునేవారి పేరు ఎలాగూ ఉంది, కింద చేసినామె పేరు, ఫోన్ నంబరు కూడా రాయండి. వచ్చే సంక్రాంతికి వియ్యపురాలే నేరుగా ఆమెకు ఫోన్ చేసి నాలుగు కిలోలు చెప్పుకుంటుంది. ఆమెకు రేటు పెరుగుతుంది, వియ్యపురాలికి సకినాలు తక్కువలో దొరుకుతాయి. నష్టపోయేది మధ్యలో ఉన్న మీ పేరు ఒక్కటే. అందుకే ఇన్ని సీసాల మీద ఇన్ని రంగుల అట్టముక్కలు ఉన్నా, ఆ ఒక్క నంబరు మాత్రం వాటి మీద కనబడదు.